బండలాగుడు: పళ్ల లెక్క, ఎండ లెక్క

ఎద్దు నోరు తెరిపించడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఒకరు ముకుతాడు పట్టి తల పైకెత్తి నిలబడాలి. ఇంకొకరు కింది పెదవిని లాగి, నాలుకను పక్కకు నెట్టి, ముందరి పళ్లను చూడాలి. పశువుకు పై దవడలో ముందరి పళ్లుండవు కాబట్టి లెక్కంతా కింది వరసలోనే. అక్కడ చిన్నగా, సన్నగా కనిపించేవి పాలపళ్లు. వాటిని తోసుకుని వెడల్పుగా వచ్చినవి అసలు పళ్లు. ఎన్ని వచ్చాయో చూసి, ఆ జత ఏ విభాగంలో బండ లాగాలో అక్కడికక్కడే తేలుస్తారు. యజమాని ఎంత పేరున్నవాడైనా, జతకు ఎన్ని లక్షలు పోసినా ఈ పరీక్ష తప్పదు.

కర్నూలు, కడప పల్లెల్లో జాతర అంటే బండలాగుడు ఉండాల్సిందే. శివరాత్రికి మహానందిలో, యాగంటిలో, వైశాఖ మాసంలో బ్రహ్మంగారిమఠం ఆరాధనోత్సవాల్లో, ఉగాదికి, శ్రీరామనవమికి, ఊరి దేవర పండగలకు ఈ పోటీలు పెడతారు. కరపత్రంలో దేవుడి బొమ్మ, బహుమతులిచ్చే దాతల పేర్లు, వాటి కింద నిబంధనలు ఉంటాయి. ఆ నిబంధనల్లో మొదట కనిపించేది పళ్ల లెక్కే. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్స్. కొన్ని చోట్ల సేద్యపు ఎద్దులకు వేరే విభాగం పెడతారు. ఏడాది పొడవునా బండ కోసమే మేపిన జత, మడక దున్నే జత ఒకే గీత మీద నిలబడితే రెండోదానికి అన్యాయమని రైతులకు తెలుసు.

పళ్లే ఎందుకంటే, ఎద్దుకు పుట్టిన తేదీ పత్రం ఉండదు. మన దేశవాళీ పశువుకు రెండు, రెండున్నరేళ్ల వయసులో నడిమి జత వస్తుంది. మూడేళ్లు దాటాక రెండో జత, నాలుగో ఏడు వచ్చేసరికి మూడోది, ఐదేళ్లకు అటూ ఇటూగా నాలుగోది వస్తాయి. అంటే రెండు పళ్ల కోడెకు, ఆరు పళ్ల ఎద్దుకు మధ్య ఏడాదిన్నర దాకా తేడా ఉంటుంది. ఆ వయసులో ఏడాదిన్నర అంటే ఎంతో కండ, ఎముక. దాన్ని మాటతో ఒప్పించలేరు, నోరు తెరిచి చూపించాలి. సంతలో ఎద్దులు కొనే రైతు తరతరాలుగా చేస్తున్న పరీక్షే పోటీ మైదానంలోకి వచ్చి నిబంధనగా స్థిరపడింది.

ఈ నేలలో ఎద్దు బలాన్ని ఇంత పట్టుగా కొలవడం వెనక సేద్యం చరిత్ర ఉంది. కర్నూలు జిల్లాలో, కడప జిల్లా పడమటి భాగంలో నల్లరేగడి ఎక్కువ. వాన పడితే జిగురవుతుంది, ఎండితే రాయిలా బిగుసుకుని నెర్రెలు విడుస్తుంది. పదును నాలుగు రోజులే నిలుస్తుంది. ఆ నాలుగు రోజుల్లో గుంటక తోలి, గొర్రుతో విత్తనం వెయ్యాలి. ఎద్దులు నడవకపోతే ఆ ఏడు పంట లేనట్టే. తుంగ, గరిక పట్టి పాడుపడిన రేగడిని తిరగెయ్యాలంటే మామూలు మడక చాలేది కాదు. పెద్ద మడకకు ఐదారు జతల ఎద్దులను ఒకదాని ముందు ఒకటి కట్టి లోతుగా దున్నేవారు. ఊళ్లో ఒక్కరి దగ్గర అన్ని జతలుండవు. పది ఇళ్ల ఎద్దులు కలిస్తేనే ఆ మడక కదిలేది. ఎవరి జత ముందుకు వంగి లాగుతోంది, ఎవరిది కాడి కింద మెడపెట్టి ఊరికే నడుస్తోంది అన్నది ఊరందరి కళ్లముందూ తేలిపోయేది.

బావుల దగ్గరా అంతే. కాలువ నీళ్లు అందని చోట కపిల తోలడమే ఆధారం. తోలుబానను బావిలోకి వదిలి, ఎద్దులను వాలు వెంట కిందికి నడిపితే నీళ్లు పైకి వచ్చేవి. మళ్లీ వెనక్కి నడిపించడం, మళ్లీ కిందికి తోలడం. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేవారు, మళ్లీ పొద్దు వాలాక పట్టేవారు. నడిమధ్యాహ్నం ఎద్దును కాడికి కట్టకూడదని ఆ రైతులకు ఏ చట్టమూ చెప్పలేదు. ఎద్దు పడిపోతే పొలమూ పడిపోతుందన్న భయం చాలింది. ఆ క్రమశిక్షణ బావుల మీద మోటార్లు వచ్చాక మెల్లగా మరుగున పడింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధపడాల్సిన సంగతి ఇదే.

మంచి ఎద్దులు ఎక్కువగా తూర్పు నుంచి వచ్చేవి. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టే గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, ఒంగోలు సీమ మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఆ నది దిగువ పల్లెల్లో పెరిగిన పశువునే లోకం ఒంగోలు జాతిగా ఎరుగును. తెల్లని ఒళ్లు, నల్లని చర్మం, పొడవాటి గంగడోలు, నిండైన మూపురం దాని గుర్తులు. పంతొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ దాకా వెళ్లి అక్కడ నెలోర్ పేరుతో స్థిరపడిన జాతి ఇది. రాయలసీమకు మాత్రం అది కాలినడకన వచ్చింది. బేరగాళ్లు మందలను నందికనుమ లాంటి దారుల్లో నల్లమల దాటించి సీమ పల్లెల్లో అమ్మేవారు. రైతు దగ్గర ఒక్కసారే డబ్బు ఉండదు కాబట్టి వాయిదాల మీద ఇచ్చి, పంట వచ్చాక వసూలు చేసుకునేవారు. అప్పట్లో కంభం, మార్కాపురం కూడా కర్నూలు జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడే అవి అటు వెళ్లాయి.

వాన మొహం చాటేస్తే ఆ పశువులే ముందు పోయేవి. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను మనుషులతో సహా తుడిచిపెట్టింది. గడ్డి లేక కొట్టాలు ఖాళీ అయ్యాయి. తర్వాత వానలు వచ్చినా దున్నడానికి ఎద్దులు లేని ఊళ్లు ఎన్నో. 1884లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల రుణాల చట్టం విత్తనాలకు, పశువుల కొనుగోలుకు అప్పులివ్వడం కోసమే. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఆస్తికి ఇక్కడ ఎంత విలువో ఆ చట్టం చూస్తే తెలుస్తుంది. పండగ నాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు వేసి, ఊరేగించి, దాని బలాన్ని పదిమందిలో చూపించుకోవడం అలాంటి బతుకులోంచి వచ్చిన సంబరం. ఆదోని, ఆలూరు ప్రాంతాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ సరిహద్దు పల్లెల్లో కారుహుణ్ణిమె (జ్యేష్ఠ పున్నమి) నాడు ఎద్దులను పరుగెత్తించి, ముందొచ్చిన ఎద్దు రంగును బట్టి ఆ ఏడు తెల్లపంట బాగుంటుందా, ఎర్రపంట బాగుంటుందా అని చెప్పుకునే ఆనవాయితీ కన్నడ సీమతో కలిసి నడిచింది.

ఇప్పటి పోటీ తీరు చూద్దాం. చదును చేసిన పొడవాటి నేలను కోర్టు అంటారు. రెండు చివర్లా సున్నంతో గీతలు గీస్తారు. నలుపలకలుగా చెక్కిన రాతిబండకు గొలుసు తగిలించి కాడికి కడతారు. బండ బరువు విభాగాన్ని బట్టి పెరుగుతుంది. పాలపళ్ల కోడెలకు తేలికది, సీనియర్స్‌కు టన్ను దాటి రెండు టన్నుల దాకా వెళ్లేది. జతకు ఇంత సమయమని ముందే చెబుతారు: చిన్న విభాగాలకు పది నిమిషాలు, పెద్దవాటికి పదిహేను, ఇరవై. ఈల పడగానే బండ కదలాలి. చివరి గీత దాకా లాగి, గొలుసు తిప్పుకుని, మళ్లీ ఇవతలికి రావాలి. సమయం అయిపోగానే బండ ఎక్కడ ఆగితే అక్కడ టేపు పెడతారు. మొత్తం దూరాన్ని అడుగుల్లో, చివరికి అంగుళాల్లో కూడా మైకులో చదువుతారు. ఎక్కువ దూరం లాగిన జతకు మొదటి బహుమతి.

ఇరవై నిమిషాల్లో మూడు వేల అడుగులు అంటే వినడానికి పెద్దగా అనిపించదు. లెక్క కడితే సెకనుకు ముప్పావు మీటరు, మనిషి తీరిగ్గా నడిచే నడక. కానీ వెనక చక్రాలు లేవు. రాయి నేల మీద రాసుకుంటూ రావాలి. రెండు టన్నుల బండను మట్టి మీద కదిలించాలంటే దాని బరువులో సగం దాకా బలం పట్టవచ్చు. గంటల తరబడి సాగే సేద్యంలో ఎద్దు నిలకడగా లాగగలిగేది తన ఒంటి బరువులో పదో వంతు, ఆపైన కొంచెం. అంటే పోటీలో అది పొలం పనిలో చేసేదానికి కొన్ని రెట్లు ఎక్కువ చేస్తోంది. అందుకే ఈ జతలకు ఉలవలు, ఖర్జూరాలు పెట్టి, నడక నేర్పి, ఈత కొట్టించి, నెలల తరబడి సిద్ధం చేస్తారు. సీమ రైతుకు దీనిమీద ఉన్న మమకారం పైపై సరదా కాదు. గెలిచిన ఎద్దు పేరుతోనే కొన్ని ఊళ్లు గుర్తుండిపోతాయి.

పళ్లు, బరువు, సమయం, దూరం అన్నీ కొలిచారు. ఇక మిగిలింది నేల, ఎండ.

ఏ జత ఎప్పుడు లాగాలో చీటీలు తీసి తేలుస్తారు. పొద్దున్నే చీటీ తగిలిన జతకు చల్లగాలి, మంచు పట్టిన నేల, నిద్ర లేచిన ఉత్సాహం ఉంటాయి. పన్నెండో చీటీ వచ్చిన జత కొట్టాలు లేని మైదానంలో, వ్యాను నీడలో, మధ్యాహ్నం దాకా నిలబడి, అప్పుడు కోర్టులోకి దిగాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో పాదరసం 42, 43 డిగ్రీలు తాకడం మామూలే. కొన్ని రోజులు 45 దగ్గరికీ పోతుంది. ఆ రెండు జతల దూరాలనూ ఒకే కాగితం మీద, ఒకే కొలతతో పోలుస్తారు. కోర్టు కూడా పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకేలా ఉండదు. పదిసార్లు బండ రాసుకున్న దారిలో పైమట్టి ఎగిరిపోయి గట్టినేల తేలుతుంది. మధ్యలో ముంగారు జల్లు పడిందా, ఎర్రమట్టి జారుతుంది, రేగడి అయితే బండకే అంటుకుని బరువెక్కుతుంది. ఒకటిన్నర సంవత్సరాల వయసు తేడాను అన్యాయమని నోరు తెరిపించి చూసే కమిటీ, పదిహేను డిగ్రీల తేడాను అదృష్టానికి వదిలేస్తోంది.

పశువు ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీలు. బరువు లాగుతున్నప్పుడు కండరాల్లో పుట్టే వేడంతా బయటికి పోవాలి. ఒంగోలు జాతికి ఆ విషయంలో పుట్టుకతో వచ్చిన సదుపాయాలున్నాయి. తెల్లటి వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, వేలాడే గంగడోలు చర్మం వైశాల్యాన్ని పెంచుతుంది, చెమట గ్రంథులు విదేశీ జాతులకన్నా ఎక్కువ. సీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట తొందరగా ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అదే 40 డిగ్రీలు కోస్తాలో ఉక్కపోతతో వస్తే ఎద్దుకు ఇంకా కష్టం. అయితే చుట్టూ ఉన్న గాలి ఒంటి వేడిని మించిపోయాక ఈ సదుపాయాలకూ హద్దు ఉంటుంది. బయటి గాలి ఎద్దు ఒంట్లోకి వేడిని నెట్టడం మొదలుపెడుతుంది. నోట నురగ, బయటికి వేలాడే నాలుక, పక్కలు ఎగరేస్తూ తీసే ఊపిరి, తడబడే వెనక కాళ్లు... ఎండపోటుకు ఇవే గుర్తులు. మైకులో కేకలు, ఈలల మధ్య వాటిని గమనించేది పగ్గాలు పట్టుకున్న మనిషి ఒక్కడే. అతను కూడా గడియారాన్నే చూస్తున్నాడు.

ఈ సమస్యకు చట్టం ఎప్పుడో ఒక సంఖ్య చెప్పింది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో బండి లాగే, బరువు మోసే పశువుల కోసం నియమాలు చేశారు. రోజు మొత్తంలో తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా ఐదు గంటలకు మించి తోలకూడదు. వీటి పక్కనే మూడో మాట: ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య పశువును పనికి కట్టకూడదు. ఎద్దు ఒంటి వేడికి ఒకటిన్నర డిగ్రీ కింద గీసిన గీత అది. కపిల తోలిన రైతు కొలత లేకుండా పాటించిందే ఆ నియమం కొలతతో రాసింది. చక్రాల్లేని బండ బండి కిందికి వస్తుందా, అది బరువు మోయడమా కాదా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. ఎద్దుకు మాత్రం చక్రం ఉన్న బరువుకన్నా చక్రం లేని బరువే కష్టం.

ఆ చట్టానికి చాలా కాలం పదును లేకపోయింది. మొదటిసారి తప్పు చేసినవాడికి 10 నుంచి 50 రూపాయల జరిమానా అన్నదే కొనసాగుతూ వచ్చింది. అసలు కుదుపు న్యాయస్థానం నుంచి వచ్చింది. 2011 జులైలో కేంద్రం ఎద్దును ప్రదర్శన జంతువుల నిషిద్ధ జాబితాలో చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు నాగరాజ కేసులో జల్లికట్టును, ఎద్దుల బండ్ల పందేలను ఆపింది. తమిళనాడు, మహారాష్ట్రలే కాదు, దేశంలో మరెక్కడా కూడదంది. 2016 జనవరిలో కేంద్రం మినహాయింపు ఇవ్వడం, కోర్టు స్టే ఇవ్వడం, 2017 జనవరిలో మెరీనా తీరంలో యువకులు బైఠాయించడం, తమిళనాడు సొంత సవరణ చట్టం తెచ్చుకోవడం చకచకా జరిగాయి. కర్ణాటక కంబళ కోసం, మహారాష్ట్ర బండ్ల పందేల కోసం అదే దారి పట్టాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడు చట్టాలనూ సమర్థించింది. ఆ తీర్పులో సీమ కమిటీలు గుర్తుంచుకోవాల్సింది, ఆ ఆటలు నిలబడింది సంప్రదాయం పేరు ఒక్కదానితో కాదన్నదే. నియమాలు రాసుకుని, పశువైద్యుడి పరీక్ష పెట్టుకుని, హింస తగ్గించామని చూపించుకున్నాకే నిలబడ్డాయి.

ఇలాంటి పోటీలు లోకంలో మనకొక్కరికే లేవు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఇదీ ప్రొబాక్ అనే ఆట ఉంది. రాళ్లు పరిచిన నేల మీద ఎద్దుల జత పెద్ద బండను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు లాగుతుంది. నిర్ణీత సమయంలో ఎన్నిసార్లు ఆ మైదానం దాటాయన్నదే లెక్క. సముద్రాలు దాటి ఒకరినొకరు చూడని రెండు రైతు సమాజాలు ఒకే ఆటకు దాదాపు ఒకే లెక్కతో చేరుకోవడం ముచ్చటేస్తుంది. అక్కడా ముల్లుకర్ర వాడకం మీద గొడవ నడిచింది, అక్కడా నిబంధనలు బిగిశాయి.

యంత్రాల పోటీల్లో వాతావరణం లెక్క ఇంకా ముందుకు పోయింది. అమెరికాలో 1951లో ఏర్పడిన హాట్ రాడ్ సంఘం డ్రాగ్ రేసింగ్‌కు నియమాలు రాసింది. పావు మైలు, అంటే 1,320 అడుగులు, నిలబడ్డ చోటునుంచి ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. మన పోటీలో పళ్లు ఎలాగో, అక్కడ కారు బరువును ఇంజను అశ్వశక్తితో భాగించి తరగతులు చేస్తారు. అక్కడితో ఆగలేదు. డెన్వర్ పక్కన 1958 నుంచి 2023 దాకా నడిచిన బాండిమేర్ ట్రాకు సముద్రమట్టానికి సుమారు 5,800 అడుగుల ఎత్తున ఉండేది. గాలి పలచగా ఉన్న చోట ఇంజను బలం తగ్గుతుంది కాబట్టి అలాంటి ట్రాకుల సమయాలకు సవరణ లెక్క కట్టారు. ఎండ పెరిగినా గాలి పలచబడుతుంది కనుక రేసర్లు వేడిని, తేమను, గాలి ఒత్తిడిని కొలిచే పరికరం పక్కనే పెట్టుకుంటారు. ఇనుప ఇంజనుకు ఇంత లెక్క చూస్తున్నారు. నెత్తురు, ఊపిరి ఉన్న ఎద్దుకు ఆ లెక్కలో సగమైనా చూడకపోవడానికి సాకు లేదు.

ఇంజను ఎండకు ఓడితే రెండో రోజు మళ్లీ నడుస్తుంది. ఎండదెబ్బ తగిలిన ఎద్దు ఆ సీజను కోలుకోకపోవచ్చు, కొన్నిసార్లు కోర్టు దాటి ఇంటికి రాదు. ట్రాక్టర్లు వచ్చి మడకలు మూలపడ్డాక, సీమలో మంచి ఒంగోలు గిత్తలను ఇంకా మేపుతున్నవారిలో ఎక్కువమంది ఈ పోటీల కోసమే మేపుతున్నారు. పోటీ పోతే ఆ కొట్టాలూ ఖాళీ అవుతాయి. అందుకే బండలాగుడును పూర్తిగా ఆపేయాలన్న మాటతో ఏకీభవించడం కష్టం. అలాగే ఉన్నదున్నట్టు సాగనిద్దామన్న మాటతోనూ ఏకీభవించలేం. ఒక్క జత మధ్యాహ్నపు ఎండలో కూలిపోయిన వీడియో చాలు, కోర్టు మెట్లెక్కడానికి.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. పెద్ద బండలు లాగే సీనియర్స్ విభాగాన్ని తెల్లవారుజామునో, పొద్దు వాలాక లైట్ల కిందో పెట్టవచ్చు. చాలా చోట్ల రాత్రి దాకా పోటీలు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి కరెంటు, లైట్లు కొత్తవి కావు. ఒకే విభాగంలోని జతలన్నీ ఒకే పూటలో ముగిసేలా చీటీలు తీయవచ్చు. వాన పడి నేల మారితే ఆ విభాగాన్ని ఆపి, ఆరాక మొదటినుంచి పెట్టవచ్చు. చీటీ వచ్చేదాకా ఎద్దులు నిలబడడానికి చలువ పందిరి, తొట్టి నిండా నీళ్లు ఉండాలి. పశువైద్యుడు పోటీ ముందే కాదు, లాగి వచ్చిన జతనూ చూడాలి. టేపు పట్టే న్యాయనిర్ణేత బల్ల మీద ఒక థర్మామీటరు ఉండాలి. దాని ధర, మైకు అద్దెలో పదో వంతు కూడా కాదు.

వచ్చే శివరాత్రికి, ఉగాదికి కరపత్రాలు అచ్చు వేయించే కమిటీలకు ఒక్క విన్నపం. పళ్ల నిబంధన కింద ఇంకో వరుస చేర్చండి: 37 డిగ్రీలు దాటిన రోజున మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఏ జతనూ కోర్టులోకి దించబోమని.